తొక్కని చోటి మట్టి

మా ఆయన గల్ఫ్ నుంచి తెచ్చిన పెట్టె విప్పితే మా అత్తకు ఒక కంబళి, నాకు ఒక సెంటు సీసా, ఎండకు రంగు పోయిన ఆయన బట్టలు కనిపించాయి. అన్నిటికీ అడుగున మాత్రల డబ్బా ఒకటి ఉంది. ఒంట్లో ఏ రోగం దాచి తెచ్చాడోనని భయపడ్డాను. మూత తీస్తే దూదిలో చుట్టిన మూడు గుమ్మడి గింజలు.

భయం పోయాక వచ్చే కోపం మామూలు కోపం కంటే పెద్దది. "ఇన్నేండ్లు ఆడ ఉండి గుమ్మడి గింజలు తెచ్చినవా? గవి మనకాడ పెంటకుప్పల మీద మొలుస్తయి" అన్నాను.

ఆయన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. అక్కడ ఎవరో షేకు తోటలో ఆయన మొక్కల పని చేసేవాడు. ఫోటోలో ఆయన ఒక గుమ్మడికాయ మీద చెయ్యి వేసి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కాయ అంటున్నాను గానీ అది ఆయన కంటే వెడల్పుగా ఉంది. మా అత్త ఫోన్ లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచి పెట్టుకుని చూసింది. "ఇది కాయనా, సూడి బర్రెనా?" అంది.

"గీసొంటిది ఒక్కటి మన జాగల కాయించి చూపిస్త అవ్వా" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి నవ్వుతూనే చెప్పాడు. "కాసిందనుకో, ఈడ్నే ఏదన్న జేసుకుంట బతుకుత. కాయలేదనుకో, గీ మట్టి నా చేతికి ఒస్తలేదని లెక్క. ఏజెంటు తాన పాస్‌పోర్ట్ ఉండనే ఉన్నది. ఊఁ అంటే చాలు, పోత."

ఆయన పందేలన్నీ నవ్వుతూనే కాస్తాడు. కాసిన పందెం తప్పడం నేను చూడలేదు. అందుకే ఆ రోజు నుంచి ఆ మూడు గింజలు నాకు గుమ్మడి గింజల్లా కనిపించలేదు.

నిజం చెప్పాలంటే వచ్చిన దగ్గరి నుంచి ఆయన మా ఇంట్లో చుట్టంలా ఉన్నాడు. నీళ్లు తాగాలంటే గ్లాసు ఎక్కడుందని అడిగేవాడు. పంకా స్విచ్ ఏదని అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ నాకు లోపల కలుక్కుమనేది. చెప్పిన ప్రతిసారీ ఆయన తల దించుకునేవాడు. బీడీలు చుట్టే చాట ముందేసుకుని కూర్చున్న నన్ను గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, ఆయనకూ నాకూ కూడా.

గుమ్మడికాయతో నాకు పాత తగువు ఒకటి ఉంది. మా వైపు గుమ్మడికాయకు మొదటి కోత ఆడది పెట్టదు. ఇంటి మగవాడు ఒక గాటు పెట్టాలి, ఆ తర్వాత ముక్కలు మేమే కోసుకుంటాం. ఆయన లేని రోజుల్లో కాయ చంకన పెట్టుకుని గోడవతలి ఇంటికి పోయేదాన్ని. ఆ ఇంటి పెద్దమనిషి కత్తి అందుకుంటూ, "మీవోడు ఇంక రాలేదా?" అని అడిగేవాడు. ప్రతిసారీ అదే మాట. ఆ పెద్దమనిషి సొంత కొడుకు మాత్రం ఎక్కడున్నాడు, ఆ గల్ఫ్‌లోనే గదా. అయినా అడిగేవాడు. చివరికి విసుగొచ్చి ఇంట్లో గుమ్మడికాయ వండటమే మానేశాను. మా అత్త కూడా ఎందుకని అడగలేదు.

గుమ్మడి కోసం ఆయన ఎంచుకున్న జాగా మా ఇంటి వెనక మూల. మా ఊరు ఆర్మూర్‌కు బండి మీద పోతే పావుగంట. ఊళ్లో అందరిదీ పసుపు, మక్కజొన్న. మా మామ బతికున్నప్పుడు పసుపు తవ్వి తెచ్చి ఆ మూలనే ఉడకబెట్టేవారు. తర్వాత ట్రాక్టర్ మీద ఉడకబెట్టే మిషన్ చేనుకే వస్తుండటంతో ఆ జాగా ఊరికే పడిపోయింది. ఒక వైపు పక్కింటి గోడ, ఒక వైపు చేను గోడ, మిగతా రెండు వైపులా ముళ్లకంప, కింద నల్లటి రేగడి. ఎన్నో ఏళ్లుగా ఎవరూ దున్నలేదు, మేక కూడా అడుగు పెట్టలేదు. అంత కాలం విశ్రాంతి తీసుకున్న భూమి బలంగా ఉంటుందని ఆయన లెక్క. నాకూ నిజమే అనిపించింది.

అక్కడి తోటలో మట్టిని పరీక్ష చేయించకుండా గుప్పెడు ఎరువు కూడా వేయనిచ్చేవారు కాదట. ఆయనా అదే పట్టు పట్టాడు. మూలలో అక్కడక్కడా జానెడు లోతు తవ్వి, మట్టి కలిపి, రాళ్లు ఏరి, కొంత తీసి పరీక్షకు పంపాడు. వేసవి నడిమధ్యలో మట్టి పరీక్ష కార్డు వచ్చింది. ముగ్గురం అరుగు మీద కూర్చుని చదివాం. చదివాం అంటే ఆయన పైకి చదివాడు, మేము ఊఁ కొట్టాం. భాస్వరం ఎక్కువ. పొటాష్ ఎక్కువ. సేంద్రియ కర్బనం మధ్యస్థం. లవణ సూచిక ఎక్కువ. నత్రజని తక్కువ.

"మూడింట్ల ఫస్ట్ క్లాస్, ఒకదాంట్ల పాస్, ఒక్కదాంట్లనే ఫెయిల్" అన్నాడు ఆయన. పదో తరగతిలో ఆయనకు అన్ని మార్కులు వచ్చి ఉంటే గల్ఫ్‌కు పోయేవాడే కాదేమో. మా అత్త నేల తాకి కళ్లకద్దుకుంది. నేను కూడా సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. ఫెయిలైన నత్రజని కోసం యూరియా, పాసైంది జారిపోకుండా దుక్కిలో వేసే అడుగుమందు, రెండు సంచులు ఆర్మూర్ నుంచి బండి మీద వేసుకొచ్చాడు. మరునాడు పొద్దున్నే మట్టిలో కలపాలని గడ్డపార, పార గోడకు ఆనించి పెట్టాడు.

ఆ సాయంత్రం కార్డు మళ్లీ చేతిలోకి తీసుకుంటే నాకు ఒకటి తట్టింది. కింద ఏ పంటకు ఎంత ఎరువు వేయాలో రాసి ఉంది. వరి ఉంది, మక్కజొన్న ఉంది, పసుపు ఉంది. గుమ్మడి లేదు. ఉన్నవన్నీ వెతికి లేనిదాన్ని పట్టుకోవడం నా పుట్టుబుద్ధి. దాని కోసం మా అత్త చేత చాలా తిట్లు తిన్నాను. పొద్దున ఆయన పార పట్టకముందే, "ఒక్క గంట ఆగు" అని చెప్పి కార్డు కొంగున ముడేసుకుని రైతు వేదికకు పోయాను.

అక్కడ వ్యవసాయ విస్తరణ అధికారిగా ఒక అమ్మాయి ఉంది. అందరం మేడం అంటాం, ఆమె మమ్మల్ని అక్కా అంటుంది. కార్డు చేతికిస్తూ, "మేడం, మాకు మూడింట్ల ఎక్కువొచ్చింది. గుమ్మడికి ఏం మందు ఏయమంటరు?" అని అడిగాను. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆమె కార్డు చూసింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. "అక్కా, మందు ఏసిండ్రా ఇప్పటికే?"

"లేదు. ఇయ్యాల ఏస్తం."

"ఫస్ట్ ఇంటికి ఫోన్ జేసి ఆపుమను."

ఫోన్ చేశాను. ఆయన ఎందుకని అరుస్తుంటే పెట్టేశాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "గివి మార్కులు కావక్కా. బీపీ లెక్క చూడాలె. బీపీ ఎక్కువొస్తే సంబురపడ్తమా?" అంది. లవణ సూచిక దగ్గర వేలు పెట్టింది. మామూలు మట్టికి ఒకటి లోపు ఉండాలట. మాది నాలుగు దాటింది. "అంటే మట్టిల ఉప్పు అట్లుంది. గింజ పెడితే నీళ్లు గుంజుకోలేదు. తడి నడుమనే ఎండిపోతది. దానిమీద మీరు యూరియా, అడుగుమందు ఏస్తే ఉప్పు మీద ఉప్పు ఏసినట్టే. సముద్రం ఒడ్డున ఉన్న మట్టి లెక్కున్నది అక్కా గిది. గిది మన ఆర్మూర్ల యాడికెళ్లి వచ్చింది?"

నేను బిత్తరపోయాను. సముద్రం నేను టీవీలో తప్ప చూడలేదు. అది మా ఇంటి వెనకకు ఎట్లా వస్తుంది? నిన్న నేల తాకి కళ్లకద్దుకున్న మా అత్త గుర్తొచ్చింది. ఫస్ట్ క్లాస్ అన్న ఆయన మొహం గుర్తొచ్చింది. ఆ వెంటనే ఏజెంటు గుర్తొచ్చాడు.

మేడం కార్డు మళ్లీ ఒకసారి చూసి, "మట్టి దేంట్ల తెచ్చిండు అన్న?" అని అడిగింది.

దేంట్లో తెస్తాడు? మా ఇళ్లలో సంచి అంటే ఎరువుల సంచే. బియ్యం దాంట్లోనే, పిడకలు దాంట్లోనే, వానొస్తే నెత్తిమీద కప్పుకునేదీ అదే. మట్టి కూడా ఖాళీ అడుగుమందు సంచిలోనే పోసి పంపాడని చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "మందు సంచిల పోస్తే మందునే పరీక్ష చేసినట్టు గద అక్కా. కడిగిన బట్టసంచిల మళ్ల తెండ్రి. గోడ ఇవతలిది ఒకటి, అవతల మీ చేనుది ఒకటి, బోరు నీళ్లు ఒక సీసాల."

పోయిన ప్రాణం లేచొచ్చింది. తప్పు సంచిది, మట్టిది కాదు. ఇంటికి వచ్చి ఆయన మీద అరిచాను, ఆయన కూడా సంతోషంగా తిట్లు తిన్నాడు. నా పాత చీర చింపి కుట్టిన సంచుల్లో మళ్లీ మట్టి పోయింది. కార్డు వచ్చేదాకా మా ఇంట్లో మాటలు మామూలుగానే ఉన్నాయి గానీ, ఏజెంటు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన బయటికి పోయి మాట్లాడి వచ్చేవాడు. "ఏమన్నడు?" అని అడిగితే, "ఆగుమన్న" అనేవాడు. ఏజెంటు ఎన్నాళ్లు ఆగుతాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండోసారి కార్డులు వచ్చాయి. బోరు నీళ్లు బాగున్నాయి. చేను మట్టి బాగుంది. భాస్వరం కొంచెం దిగింది, అడుగుమందులో ఉండేది భాస్వరమే గనుక సంచి తప్పు కొంత నిజమే. మూల మట్టిలో ఉప్పు మాత్రం అంతే ఉంది. ఆ మూలలోనే, గోడ పొడుగునా, ఇంకెక్కడా లేదు. ఉడకబెట్టిన పొయ్యి బూడిదతో పొటాష్ పెరుగుతుంది గానీ ఇంత ఉప్పు రాదని మేడం చెప్పింది. "ఎవరో పనిగట్టుకోని పోసినట్టు ఉన్నది" అంది. ఆమె మామూలుగానే అన్నది. ఆ మాట ఇంటికి మోసుకొచ్చినది నేనే.

ఆ మాట ఆయన చెవిన పడిందో లేదో మనిషి మారిపోయాడు. "ఎవడో గిట్టనోడు పోసిండు. నేనొచ్చుడు ఓర్వలేడు" అని గోడ వైపు తిరిగి ఊరంతా వినేలా అన్నాడు. గోడవతల నుంచి పెద్దమనిషి తల లేచింది. "ఎవర్రా, నన్నా అంటున్నవ్?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది గదా అని నేనూ అనుకున్నాను. ఏనాటిదో గోడ హద్దు తగాదా బయటికొచ్చింది. ఇద్దరూ గొంతు చించుకున్నారు. ఇన్నేళ్లూ నా గుమ్మడికాయలకు గాటు పెట్టిన మనిషిని మా ఆయన అనరాని మాటలు అన్నాడు. నేను మధ్యలోకి పోలేదు. నాకు కూడా అనుమానం వచ్చింది మరి.

అరుగు మీద కూర్చున్న మా అత్త అంతా విన్నది. ఆమెకు అర్థమైంది ఒక్కటే. "కొడుకు మీద ఎవరిదో కండ్లు పడ్డయి" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. దేవుని గూట్లో దొడ్డుప్పు డబ్బా ఒకటి వేరుగా ఉంటుంది, దాన్ని వంటకు ముట్టనివ్వదు. గుప్పెడు తీసింది. చాలదనుకుందేమో, రెండో చేతిలో ఇంకో గుప్పెడు తీసింది. రొప్పుతూ నిలబడ్డ కొడుకును కూర్చోబెట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ తల చుట్టూ తిప్పింది.

ఇది మా ఇంట్లో కొత్త కాదు. ఆయన అక్కడున్నప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడటం అయ్యాక, "పిల్లా, ఫోన్ పట్టుకో" అనేది. నేను ఫోన్ ఎత్తి పట్టుకుంటే దాని చుట్టూ ఉప్పు తిప్పేది. తెర మీద ఆయన పడీ పడీ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కాల్ కాగానే నేను చాట ముందు కూర్చునేదాన్ని, ఆమె గుప్పిట మూసుకుని వెనక్కి పోయేది. మోరి కాలువలో వేసి వస్తుందనుకునేదాన్ని. అసలు అనుకునేదాన్నా? బీడీ ఆకు కత్తిరించే తొందరలో అది కూడా అనుకోలేదు.

దీపం పెట్టే వేళ అది. నేను బర్రె కోసం కుడితి తీసుకుని వెనక్కి పోయాను. మా అత్త ముళ్లకంప దగ్గర ఉంది. ఒక చోట కంపను చేత్తో పక్కకు జరిపింది. అక్కడ ఆమె చెయ్యి పట్టేంత సందు ఉంది, ముళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. సందులోంచి చెయ్యి పెట్టి గోడ వారన ఉప్పు జారవిడిచింది. తర్వాత రెండో గుప్పెడు. తర్వాత చేతులు దులుపుకుని వెనక్కి చూడకుండా తిరిగింది, దిష్టి ఉప్పు వేశాక వెనక్కి చూడకూడదు గనుక.

చేతిలో కుడితి కుండ ఉందన్నదే మరిచిపోయాను. అది ఎప్పుడు జారిందో, నా కాళ్ల మీద ఎప్పుడు ఒలికిందో తెలియదు.

అంతలో గోడ పక్క సందులోంచి ఇంకొకరు వచ్చారు. గోడవతలి పెద్దమనిషి భార్య. ఆమె గుప్పిట కూడా మూసి ఉంది. ఇందాకటి కొట్లాటకు తన కొడుకు మీద దిష్టి పడకుండా ఆమె కూడా ఉప్పు తిప్పి తెచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. కుండ పడ్డ చప్పుడుకు మా ఆయన కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంది అవ్వా గది?" అని అడిగాడు.

"దిష్టి ఉప్పు బిడ్డా. తొక్కని చోట ఏయాలె గద" అంది మా అత్త, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

"ఎప్పటిసంది ఈడ ఏస్తున్నవ్?"

"నువ్వు గల్ఫ్‌కు పోయిన వారం సంది. అంతకుముందు కట్టెల పొయ్యిల ఏస్తుంటి. చిటపట కాలిపోతుండె. గ్యాస్ పొయ్యి వచ్చినంక యాడ ఏయాలె? మోరికాడ ఏస్తే మంది తొక్కుతరు. గీ మూలకు మేక గూడ రాదు."

"ఆదివారం ఆదివారమేనా?"

"ఆదివారం నీ ఫోన్‌కు. ఆడ ఎవడో పైకెళ్లి కింద పడ్డడని వింటే గా రోజు. నువ్వు ఫోన్ ఎత్తకుంటే గా రోజు. ఎవని శవం పెట్టెనో శంషాబాద్ ఏర్‌పోర్ట్‌ల దిగిందంటే గా వారమంత. కరోనా వచ్చిన ఏడాది పొద్దుమాపు ఏసిన." పక్కింటామె వైపు చూసింది. "నీది ఒక్కనిదే గాదు. గల్లీల ఎందరు పోయిండ్రో అందరిది ఈడనే. నేనే రమ్మన్న. మంచి జాగ అని."

పక్కింటామె గుప్పిట వెనక్కి దాచుకుంది. "మావోనిది గూడ" అంది మెల్లగా.

గల్లీలో ఒక్క మనిషి కూడా గల్ఫ్‌లో లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఆ ఇళ్లన్నిటి నుంచి ఇన్నేళ్లుగా ఎన్ని గుప్పిళ్లు వచ్చి ఉంటాయి. అటు వాన నీళ్లు పోయే దారి కూడా లేదు. రెండు గోడల మధ్య వాన నిలిచి, ఉప్పును కరిగించి, అక్కడే ఇంకిపోయింది. నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను అన్నాళ్లూ. రాత్రిళ్లు ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని, పొద్దున ఏమీ ఎరగనట్టు ఆకు తడిపేదాన్ని. మా అత్తకు కొడుకంటే బెంగ లేదని, రాయి లాంటి మనిషని తల్లిగారింట్లో కూడా చెప్పుకున్నాను.

మా ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. ఆ వెలుతురులో అక్షరాలు కనపడవు, అయినా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన మాకు ఎప్పుడు ఫోన్ చేసినా, "ఈడ అంత మంచిగున్నది, ఫికర్ జేయకుండ్రి" అని చెప్పేవాడు. మేము కూడా అంతా మంచిగున్నదనే చెప్పేవాళ్లం. అందరం అందరితో అదే చెప్పుకున్నాం.

"గింత భయపడ్డరా?" అన్నాడు.

ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు, ఫోన్‌లోనూ చూడలేదు.

అప్పుడు నేను ఊరుకుని ఉంటే బాగుండేది. నోరు ఊరుకోదు గదా. "అత్తా, ఆ ఉప్పుకే గద మట్టి చెడ్డది. ఇగ ఈడ గుమ్మడి మొలవదట" అన్నాను.

మా అత్తకు ఒక్కో మాటా దిగడానికి కాసేపు పట్టింది. మట్టి చెడ్డది. గుమ్మడి మొలవదు. గుమ్మడి కాయకపోతే కొడుకు పోతానన్నాడు. ఆమె మొహం అట్లా అయిపోవడం మా మామ పోయిన రోజు కూడా నేను చూడలేదు. "నువ్వు మంచిగ తిరిగి రావాలెననే ఏసిన బిడ్డా" అంది. "గా ఉప్పే నిన్ను మళ్ల పంపుతదా?"

ఆయన ఏదో అనేలోపే ఆమె ఆ కంప సందులోకి దూరింది. చీర ముళ్లకు పట్టుకుని చిరిగినా ఆగలేదు. గోడ వారన కూలబడి రెండు చేతులా మట్టి గీరి కొంగులోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది. ఇందాక వేసిన ఉప్పు గడ్డలు ఏరింది. కరిగిపోయినదాన్ని ఎట్లా ఏరుతుంది? గోళ్లలోకి మట్టి పోతున్నా గీరుతూనే ఉంది. పక్కింటామె తన గుప్పిట్లో ఉప్పును మళ్లీ తన కొంగుకే ముడేసుకుంది. మా ఆయన కంప దాటి పోయి తల్లిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి తీశాడు. "ఏడికి?" అన్నాను. "ఆర్మూర్" అన్నాడు. ఏజెంటు ఉండేది ఆర్మూర్‌లోనే. చాట ముందు కూర్చున్నాను గానీ ఒక్క బీడీ సరిగ్గా రాలేదు. మా అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. వెళ్తే వెళ్లనీ అని పైకి అనుకుంటున్నాను, లోపల ఆయన మీద, గల్ఫ్ మీద, గుమ్మడికాయ మీద, ఆ షేకు మీద కూడా మండిపోతున్నాను.

మధ్యాహ్నం ఎండలో బండి చప్పుడైంది. వెనక ఒక సిమెంటు పైపు కట్టి ఉంది. ముందు కాళ్ల దగ్గర ఒక సంచి. ఎరువేమో అని నేను లేచి అరవబోయాను. ఆయన మూతి విప్పి చూపించాడు. జీలుగు విత్తనాలు.

ఆయన ముందు రైతు వేదికకే పోయాడట. మేడం చెప్పింది చెప్పినట్టు నాకు అప్పగించాడు. గోడ కింద పైపు పెట్టి నీళ్లు బయటికి పోయే దారి చేయాలి. మంచి నీళ్లు నింపి వదలాలి, మళ్లీ నింపి వదలాలి. ఏ మందూ వేయకూడదు. తొలకరికి జీలుగు చల్లి, పూత రాకముందే మట్టిలో కలియదున్నాలి. తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ జీలుగు.

జీలుగు తినేది కాదు, అమ్మేది కాదు. తర్వాతి పంట కోసం భూమికి వేసేది. తర్వాతి పంట దాకా ఇక్కడ ఉండని మనిషి దాన్ని కొనడు. ఇది నాకు ఎవరూ వివరించనవసరం లేదు. అయినా అడిగాను. "పాస్‌పోర్ట్?"

"అడిగి తెచ్చుకున్న" అన్నాడు. "బండి డిక్కీల ఉన్నది. గా బీరువా తాళం ఏడ పెడ్తవ్?"

ఈసారి ఆయన ఎక్కడుందని అడిగితే నాకు కలుక్కుమనలేదు. తాళం తీసి చేతిలో పెట్టాను. సాయంత్రం గోడ పునాది కింద పైపు దూర్చడానికి గోడవతలి పెద్దమనిషి తనే పార తీసుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి చీకటి పడేదాకా తవ్వారు. గోడ హద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడు గింజల్లో ఒకటి ఆయన గోడకు అవతల చేను గట్టున పెట్టాడు, పశువుల పెంట తప్ప ఏమీ వేయకుండా. మిగతా రెండూ మళ్లీ దూదిలో చుట్టి మాత్రల డబ్బాలో పెట్టాడు, మూల బాగుపడ్డాక వేయడానికి. తీగ బాగానే పాకింది. బతుకమ్మకు గల్లీ ఆడవాళ్లంతా ఆకులు, పూలు మా గట్టు మీది నుంచే కోసుకుపోయారు. ఒక్క కాయ నిలిచింది. ఫోటోలోని కాయకు మనవరాలంత కూడా లేదది. ఇద్దరు కలిసి మోయాల్సినంత ఉంది, అంతే. గల్లీలో అందరూ వచ్చి చూసి, "గిదేనా బర్రె?" అని నవ్వి పోయారు. మా ఆయన కూడా నవ్వాడు. పందెం సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

కాయను వంటింటి ముందు బండ మీద పెట్టి కత్తి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన గాటు పెట్టాడు. తోలు గట్టిది, రెండు చేతులా నొక్కాల్సి వచ్చింది. ముక్కలు నేను కోశాను, పులుసు పెట్టాను. పులుసు ఉడుకుతుండగా మా అత్త దేవుని గూట్లోంచి ఆ దొడ్డుప్పు డబ్బా తెచ్చింది. ఆ సాయంత్రం తర్వాత ఆ డబ్బాను ఆమె ముట్టడం నేను చూడలేదు. మూత తీసి గుప్పెడు పట్టింది. అలవాటుగా చెయ్యి కొడుకు తల వైపు లేచింది, సగంలో ఆగింది. ఆ గుప్పెడంతా తెచ్చి నా పులుసులో వేసింది.

అంతకు ముందే నేను ఉప్పు వేసి ఉన్నాను. ఆ సంగతి చెప్పలేదు. ముగ్గురం కూర్చుని, మధ్య మధ్య నీళ్లు తాగుతూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.